ఎడారిలో ఏకాకి ప్రయాణము: కొలతను గూర్చిన అధ్యాయము

కృష్ణాతీరమున పుట్టి పెరిగినవాడు నీటిని ఎంతగా చూచునో అంతగా కొలవడు. ఏలూరు కాలువయు, బందరు కాలువయు, రైవిసు కాలువయు నడిబొడ్డున పారుచుండు విజయవాడలో బాల్యము గడపినవానికి, తొలకరి రోజులలో కాలువలకు నీరు వదలినారను వార్త చెవిని పడుటతోనే నీటిచింత తీరిపోవును. ఏ కాలువకు ఎంత పోవలెనో, ఏ ఊరి వంతు ఎన్నాళ్లో నిర్ణయించువారు వేరే కలరు. ఇంజనీర్లు కొలతురు, లస్కర్లు తలుపులెత్తుదురు, రైతు గట్టుపై నిలిచి మడి తడిసినదా లేదా యని మాత్రము చూచుకొనును. ఈ ఏర్పాటు గొప్పది, దీనివలననే పన్నెండు లక్షలకు మించిన ఎకరములు పచ్చగా నున్నవి. అయినను తరతరములుగా కొలుచు భారమును పరులయందుంచి బ్రతికిన జనమునకు, తమకెంత చాలునో తమంత తాముగా తెలిసికొను శక్తి సన్నగిల్లుట సహజము. నీటి విషయముననే కాదు, కాలము, ధనము, మాట, ధైర్యము, వీని యన్నింటి విషయమునను ఇట్లే జరుగుచున్నది.

ఈ లోపమునకు నేనెరిగిన చికిత్సలలో మేలైనది, తగిన సన్నాహముతో ఒక వ్యానును తానే నడుపుకొనుచు, అందులోనే వండుకొని అందులోనే పరుండుచు, కొన్నాళ్లు ఒంటరిగా థారు ఎడారిలో సంచరించి వచ్చుట. సాహసము కొరకు పొమ్మని నేను చెప్పుటలేదు. వైరాగ్యము కొరకు అంతకంటెను చెప్పుటలేదు. అక్కడ ప్రతి చెంబు నీటిని, ప్రతి గంట వెలుతురును, ప్రతి కిలోమీటరు దూరమును మన చేతులతో మనమే కొలువవలసి వచ్చును గనుక పొమ్మనుచున్నాను.

డెల్టావాసికి ఎడారి పరాయిది యనుకొనుట చరిత్రను మరచుటయే. 1832, 33 సంవత్సరములలో గుంటూరు సీమను పీడించిన డొక్కల కరువు నాటికి కృష్ణ నేటి దారినే సముద్రమునకు పోవుచుండెను. నీరున్నది గాని నిలుపు కట్టడము లేదు. 1852లో ఆరంభమై 1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియగువరకు ఈ నేల ఆకాశమును నమ్ముకొని బ్రతికినదే. ఆ ఆనకట్ట 1952లో తెగినది. 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చినది. కావున మన పచ్చదనము ప్రకృతి దత్తము కాదు, కొలత తెలిసినవారు కట్టి యిచ్చినది.

మన భాషలో యాత్రికుని కొలతకు తొలి దృష్టాంతము ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరిన ఆ సుప్రీముకోర్టు ఇంటర్‌ప్రిటరు, దారి పొడవున ఏ మజిలీ ఎంత దూరమో, ఎక్కడ నీరు మంచిదో, ఎక్కడ సరకులు దొరకునో, ఏ బాట బండలమయమో, ఏ వాగు దాటరానిదో వ్రాసికొనుచు పోయెను. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్రను భక్తిగ్రంథముగ చదువువారు చదువుకొందురు గాక, నేను దానిని లెక్కల పుస్తకముగ గౌరవింతును. ఆయన వెంట సుమారు వందమంది పరివారముండిరి. బోయీలు, వంటవారు, కావలివారు తమతమ పనులు చూచుకొనిరి. ఏకాకిగా పోవువాడు ఆ వందమంది పనిని తానొక్కడే చేయవలయును. చేయలేనిదేదో ముందుగా తెలిసికొని దానిని ప్రయాణమునుండి తొలగింపవలయును. ఒంటరి ప్రయాణమునకు సన్నాహమనగా ముఖ్యముగ ఈ తొలగింపే.

ఇక బండి సంగతి. ఈ విషయమున విజయవాడ వాసి అదృష్టవంతుడు. 1960ల దశకమున వెలసిన జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టువారు, లేతు పనివారు, రేడియేటరు అతుకువారు, స్ప్రింగుపట్టీలు వేయువారు, సీట్లు కుట్టువారు వీధులు వీధులుగ నున్నారు. దేశమున మరియొకచోట వారము దినములు పట్టు పని అక్కడ రెండు దినములలో ముగియును. కాని ఆ నేర్పరితనమే ఒక ప్రలోభమగుట కలదు. పైకప్పు ఎత్తింపుమని, అటక వేయింపుమని, కిటికీ కోయింపుమని చెప్పువారుందురు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన స్వరూపమునకు భిన్నముగ బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టును ఈ సంగతినే దృఢపరచినది. ఆర్.సి. పుస్తకములోని వివరములకు బండి సరిపోలనిచో చెక్‌పోస్టుల వద్ద చిక్కులు వచ్చును, ప్రమాదము జరిగినచో ఇన్సూరెన్సు వారితో పేచీ తప్పదు. కావున బండికి మేకు దింపక, ఎత్తి పెట్టి దింపుకొనుటకు వీలగు సామగ్రిని చేయించుకొనుడు: వెనుకసీట్లను మడచి వానిపై పరచుకొను మూడు పలకల మంచము, దానికింద ఇమిడెడు రెండు పెట్టెలు, తలుపులకు దోమతెరలు, అద్దములకు లోపలినుండి తగిలించు మందపాటి తెరలు. అంతకుమించి ఏకాకికి అక్కరలేదు.

ఆటోనగర్‌కు పోయినపుడు బండిని ఒప్పగించి కాఫీకి పోవువాడు ఈ ప్రయాణమునకు యోగ్యుడు కాడు. మెకానిక్కు ప్రక్కన నిలువుడు. స్టెప్నీ ఎట్లు మార్చవలెనో ఒకసారి చూచుట కాదు, మీ చేతులతో మార్చుడు. రేడియేటరు గొట్టము బిగి, ఫ్యాను బెల్టు వదులు, బ్యాటరీ టెర్మినళ్ల పూత, ఫ్యూజుల పెట్టె యుండు తావు, గాలివడపోత దులుపు విధము, ఇవి యన్నియు అడిగి తెలిసికొనుడు. ఇసుకలో ప్రయాణించిన బండికి గాలివడపోత తొందరగా పూడుకొనును, దానిని మాటిమాటికి చూడవలసి యుండును. “అన్నా, నేనొక్కణ్ణే పోతున్నా, దారిలో ఏం చెడిపోతే బండి కదలదు?” అని అడుగుడు. నలుబది యేండ్లుగ లారీల పొట్టలు విప్పుచున్న మనిషి ఆ ప్రశ్నకు చెప్పు సమాధానము, బండితో వచ్చిన పుస్తకమంతటికంటె విలువైనది.

థారుకు పోవుటకు ముందు, మన రాష్ట్రములోనే యున్న ఎడారివాకిట నిలిచి చూచుట అవసరము. అనంతపురము జిల్లాలో బొమ్మనహాళ్, కణేకల్ మండలముల వైపు, హగరి యనియు వేదవతి యనియు పిలువబడు నది ఒడ్డున, గాలి తెచ్చి పోసిన ఇసుక పొలములను కప్పివేసి మేటలు కట్టినది. నీటిని మరచిన నది ఎట్లుండునో కృష్ణ గట్టున పెరిగినవాడు అక్కడ చూడవలయును. అక్కడ రెండు మూడు రాత్రులు వ్యానులో గడపుడు. ఇంటినుండి తీసికొనిపోయిన వస్తువులలో సగము పనికిమాలినవని ఆ రాత్రులలోనే తేలిపోవును, మరచినదేదో కూడ అప్పుడే తెలియును. పొరపాటు జరిగినచో అడిగిన మాట తెలుగున అర్థము చేసికొని సాయపడువారు దగ్గరనే యుందురు.

విజయవాడ నుండి థారు ఎడారిలోని జైసల్మేరుకు రెండువేల కిలోమీటర్లకు పైబడును. హైదరాబాదు, నాగపురము, ఇండోరు, ఉదయపురము, జోధపురము మీదుగ పోవు బాట విశాలమైనది, దానిని గూర్చి చెప్పవలసినది తక్కువ. దినమునకు నాలుగు వందల కిలోమీటర్లకు మించి నడుపకుడు. చీకటి పడకముందే ఆగుడు. రాజస్థానములో రాత్రివేళ ఒంటెలు, ఆవులు, నీల్‌గాయిలు రోడ్డుపైకి వచ్చి నిలుచును. హెడ్‌లైటు వెలుగునకు అవి తప్పుకొనవు.

కాలమును ఎన్నుకొనుటలో మాత్రము పట్టుదల కావలయును. కార్తికము మొదలు మాఘము వరకు పోవచ్చును, ఎండకాలమున పోరాదు. బెజవాడ ఎండలో పుట్టినవాడను, నాకు వేడి యొక లెక్కయా యను మాట నేను పలుమారు విన్నాను, అందుచే ఈ సంగతిని కొంత విస్తరించి చెప్పుచున్నాను. జోధపురము జైసల్మేరుల నడిమి ప్రాంతమున ఫలోదీ యను ఊరున్నది. 2016 మే 19వ తేదీన అక్కడ 51 డిగ్రీల వేడి నమోదైనది. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. మన ఎండలో ఉక్కపోత యున్నది. చొక్కా తడిసి వీపునకు అంటుకొనును, చెమట కారి కన్నులలో పడును, దానిని చూచి మనము మజ్జిగకో, కొబ్బరిబోండమునకో పరుగెత్తుదుము. ఎడారి గాలిలో తేమ లేదు. చెమట పుట్టిన క్షణముననే ఆరిపోవును. చొక్కా పొడిగానే యుండును. శరీరము నీటిని కోల్పోవుచున్నదను జాడయే మనకు తెలియదు. డెల్టాలో ఇంతకాలము మనము నమ్మిన కొలబద్ద అక్కడ మనలను మోసగించును. శీతకాలపు మధ్యాహ్నమునను ఇది సత్యమే. కావున దాహమైనపుడు త్రాగుదమను నియమము చాలదు. గంటకొకసారి గడియారము చూచి త్రాగుడు, మూత్రము పచ్చబడినదా యని గమనింపుడు; తలనొప్పియు, కారణము లేని చిరాకును కలిగినచో బండి నాపి, నీడపట్టున కూర్చుండి, ఉప్పు పంచదార కలిపిన నీరు పుచ్చుకొనుడు.

ఇక నీటి లెక్క. త్రాగుటకు, వండుటకు, ముఖము కడుగుకొనుటకు కలిపి దినమునకు మనిషికి ఆరు లీటర్లు చాలును. దీనికి రెండు దినముల అదనపు నీరు చేర్చి, రేడియేటరు కొరకు మరియొక ఐదు లీటర్లు వేరుగా ఉంచుడు. ఈ నీటినంతటిని ఒకే పెద్ద డబ్బాలో నింపరాదు. ఒక్క డబ్బాకు చిల్లి పడుట ఇంటివద్ద చిన్న నష్టము, అక్కడ సర్వనష్టము. ఐదేసి లీటర్ల క్యానులు తీసికొని, వానిపై సంఖ్యలు వ్రాసి, వరుసక్రమమున వాడుడు. సాయంకాలము ఏ సంఖ్య వరకు వచ్చితిరో పుస్తకమున గుర్తింపుడు. మూడు దినములు ఇట్లు చేయునప్పటికి, ఒక మనిషి పళ్లు తోముకొనుటకు ఎంత నీరు చాలునో, బియ్యము కడుగుటలో ఎంత పోవునో మీ చేతికే తెలిసిపోవును. అన్నము తిననిదే పూట గడవని మనకు ఆ కడుగునీరే పెద్ద ఖర్చు. అందుచే అటుకులు, గోధుమరవ్వ, వేయించిన పెసరపప్పు పట్టుకొనిపొండు. గోంగూర పచ్చడి, ఆవకాయ లేనిదే ముద్ద దిగదనువారు ఒక్క సీసా తెచ్చుకొనవచ్చును గాని, ఉప్పుకారములు దాహమును పెంచునను సంగతి వడ్డించుకొనునపుడు జ్ఞాపకముంచుకొనవలయును. మధ్యాహ్నము ఢాబాలో సజ్జరొట్టెయు, అక్కడివారు ఛాఛ్ అనెడి పలుచని మజ్జిగయు దొరకును. ఆ నేలకు తగిన ఆహారము అదియే.

ఆ నేలవారు నీటిని కొలుచు తీరును చూచుటకే యొక దినము కేటాయింపుడు. జైసల్మేరునకు సాలునకు కురియు వాన మనకు కురియు దానిలో ఐదవవంతు మాత్రము. ఆ కొంచెమును వారు టాంకా యను నేలతొట్టిలో పట్టి దాచుకొందురు. తొట్టి చుట్టును నేలను వాలుగ చదునుచేసి, దానిపై పశువులు తిరుగకుండ, చెప్పులతో నడువకుండ కాపాడుదురు. పట్టణము చెంతనున్న గడీసర్ చెరువు 14వ శతాబ్దము నాటిది. పట్టణమంతయు శతాబ్దములపాటు ఆ నీటిమీదనే బ్రతికినది. అనుపమ్ మిశ్ర ఈ విజ్ఞానమును గూర్చి 1995లో హిందీలో ఒక గ్రంథము వ్రాసెను. ఆ భాష తెలిసినవారు బయలుదేరుటకు ముందే చదువదగినది. నేడు ఇందిరాగాంధి కాలువ ద్వారా పంజాబు నదుల నీరు ఆ ఎడారికి చేరుచున్నది. ఆ కాలువగట్టున నిలిచి డెల్టావాసి యేమి తలపోయునో నేను చెప్పను. నాకు మాత్రము మన 1855 గుర్తుకు వచ్చినది.

ఇసుకలో బండి నడుపుటకు మొదటి సూత్రము నడుపకుండుటయే. వ్యాను నాలుగు చక్రముల బలముతో పోవు బండి కాదు. గట్టినేల విడిచి తిన్నెలపైకి దానిని ఎక్కింపరాదు. సమ్ తిన్నెలు జైసల్మేరుకు నలుబది కిలోమీటర్ల దూరమున నున్నవి. వాని వరకు తారురోడ్డు కలదు, పైకి కాలినడకను పోవచ్చును. ఒకవేళ ప్రక్కబాట ఇసుకలో చక్రము దిగబడినచో ఆక్సిలరేటరు తొక్కకుడు, తొక్కినకొలది ఇరుసు వరకు కూరుకొనును. టైర్లలో గాలిని మూడవవంతు తగ్గించి, చక్రముల ముందరి ఇసుకను పారతో తీసి, గోనెసంచులు పరచి మెల్లగ కదలింపుడు. వర్షాకాలమున నల్లరేగడిలో ట్రాక్టరు దిగబడినపుడు మనవారు చేయు పనియే ఇది. బయటపడిన తరువాత పంపుతో గాలి నింపనిదే వేగము పెంచరాదు. తెలియని బాటలో ముందుకు పోవుచున్నపుడు ఇంధనములో మూడవవంతు గాని, ఆనాటి వెలుతురులో సగము గాని ఖర్చయినచో, గమ్యము కనులకు కనబడుచున్నను వెనుకకు తిరుగుడు. నలుగురు కలసి పోవునపుడు ఒకరి తొందరను మరియొకరు ఆపుదురు. ఏకాకికి ఆపువారు లేరు గనుక, ఈ నియమమును ఇంటివద్దనే వ్రాసి స్టీరింగు చెంత అంటింపవలయును. అక్కడి ఉత్సాహములో నియమములు చేయబూనినవాడు తనకు అనుకూలముగనే చేసికొనును.

సరిహద్దు సమీపించినకొలది మరికొన్ని జాగ్రత్తలు వలయును. తనోట్, లోంగేవాలాల వరకు భారతీయులు పోవచ్చును. గుర్తింపు కార్డు ఉంచుకొనుడు, సైనికులు వలదన్నచోట ఫోటో తీయకుడు. అనుమతి లేనిదే ఉపగ్రహ ఫోను ఉంచుకొనుట మన దేశమున నేరము. విదేశమునుండి బంధువెవరో పంపెనని దానిని వెంట తీసికొనిపోవలదు. డెసర్టు నేషనల్ పార్కు పరిధిలో ఇచ్చవచ్చినచోట మకాము వేయరాదు. మన కర్నూలు సీమలోని రోళ్లపాడు గడ్డిమైదానములలో ఒకనాడు తిరుగాడిన బట్టమేకపక్షికి నేడు మిగిలిన ప్రధానమైన ఆశ్రయము అదియే. మనము ఒక్క రాత్రి వెలిగించు దీపము గుడ్లపై నున్న పక్షిని లేపివేయవచ్చును.

రాత్రి మకాముకు గ్రామము శివారుననో, పెట్రోలు బంకు ఆవరణముననో, గుడారముల మకాము నడుపువారి స్థలముననో, అడిగి అనుమతి పొంది బండి నిలుపుడు. అడుగుటలో చిన్నతనము లేదు. స్త్రీలు ఏకాకిగ పోవునపుడు, కుటుంబములు దిగియున్న చోటు నెన్నుకొనుట మేలు. ప్రతి రాత్రి ఎక్కడ ఆగుచున్నారో ఇంటిలో ఒకరికి తెలియవలయును. మరునాడు ఉదయము ఫలానా గంటలోగా కబురు రానిచో 112కు ఫోను చేయవలెనని ముందే చెప్పి యుంచుడు. ఫోనుకు సిగ్నలు అందని తావులున్నవి గనుక పటమును ముందే దింపుకొనుడు, కాగితపు పటమును కూడ ఉంచుకొనుడు. తలుపులు మూసిన బండిలో స్టౌ గాని బొగ్గుల కుంపటి గాని వెలిగింపకుడు. చలికి తాళలేక ఇంజను నడిపించుచు నిద్రింపకుడు. వాసన గాని రంగు గాని లేని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణము తీయును. రెండు కిటికీలు వేలెడు సందున తెరచి, రెండు కంబళ్లు కప్పుకొని పరుండుడు. పుష్యమాసపు రాత్రి అక్కడ ఐదారు డిగ్రీలకు దిగుట సామాన్యము. బెజవాడ బీరువాలో ఉన్ని దుస్తులుండవు, కొనుక్కొనియే పోవలయును. తెల్లవారి చెప్పులు దులిపి తొడుగుకొనుడు, తేళ్లు వెచ్చదనము వెదకును.

ఇన్ని చేసినను మొదటి సాయంకాలము భయము కలుగును. డెల్టా పల్లెలో ఒక ఇంటి పోపు వాసన మూడిండ్లకు తెలియును. ఎవరి పిల్లవాడు ఎవరి అరుగుపై నిద్రించినను పట్టింపులేని చోట పెరిగినవారము. అట్టివానికి కనుచూపుమేర దీపము లేని నేల గుండెను పట్టి చూచును. ఆ భయమును పాటలతోను ఫోనుతోను కప్పుట నాకు సమ్మతము కాదు. కప్పిన భయము నడిరాత్రి లేచి వచ్చును. పొద్దువాలిన వెంటనే చేయవలసిన పనులకు ఒక క్రమము ఏర్పరచుకొనుడు: టైర్లు చూచుట, క్యానుల సంఖ్య వ్రాయుట, వంట, గిన్నెలు తుడుచుట, మరునాటి బాట పరిశీలించుట. భయము చేతులు ఖాళీగా నున్నవానిని పట్టుకొనును, పనిలో నున్నవానిని చూచి ప్రక్కన కూర్చుండును, కూర్చుండనిండు. అన్నదమ్ములను విడిచి, పాశుపతము కొరకు అర్జునుడు ఏకాకియై తపస్సు చేసినది మన ఇంద్రకీలాద్రిమీదనే యని స్థలపురాణము. నలుగురిలో నుండి కొంతకాలము వేరుపడి తన బలమును తాను చూచుకొని మరల నలుగురిలోనికి వచ్చుట మనకు క్రొత్త తలపు కాదు.

ఆ పాండవులే ఆయుధములు దాచిన జమ్మిచెట్టు ఎడారి నిండ నున్నది. అక్కడివారు దానిని ఖేజ్రీ యందురు. రాజస్థానమునకును, తెలంగాణమునకును రాష్ట్రవృక్షము అదియే. దాని కాయను కూర వండుకొందురు, ఆకును మేకలకు వేయుదురు, నీడలో పైరు పండింతురు. 1730లో జోధపురము చెంత ఖేజడ్లీ గ్రామమున ఆ చెట్లను నరకవచ్చిన రాజభటుల కడ్డుపడి, అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు ప్రాణములర్పించిరి. దసరానాడు జమ్మికి ప్రదక్షిణము చేసి ఆకు జేబులో వేసికొను మనము ఆ గ్రామమునకు పోయి రాదగును. జోధపురమునుండి గంటలోపు ప్రయాణము. పొయ్యిలోనికి ఎండుపుల్ల కావలసినను ఆ చెట్టుమీద చేయి వేయకుడు. వంటచెరకు ఊరిలో కొనుడు.

తిరుగు ప్రయాణమునకు ముందు, జైసల్మేరు విడుచు ఉదయమున, పుస్తకమును తెరచి ఒక పుట కేటాయింపుడు. బయలుదేరుటకు ముందు వేసిన అంచనాలను ఒక వరుసలో, నిజముగ ఖర్చయినవానిని దాని ఎదుట వ్రాయుడు: నీరు, డీజిలు, బియ్యము, ధనము, దినమునకు నడిపిన గంటలు, ముట్టుకొనని వస్తువులు, ఎంత వెదకినను దొరకనివి. ఇల్లు చేరిన తరువాత వ్రాయుదమన్నచో స్నేహితులకు చెప్పిన కథలు లెక్కలను మార్చివేయును. ఆ పుటకు ఒక నకలు తీసి ఆటోనగర్‌లోని మీ మెకానిక్కుకు ఇయ్యుడు. అట్టి బాట పట్టి వచ్చు మరియొకని బండి అతని చేతికి వచ్చినపుడు, ఏమి బిగింపవలెనో, ఏమి వలదని చెప్పవలెనో అతనికి తెలిసియుండును.